తేలిక పాట ఏది?

కీబోర్డు కొన్న ఇంట్లో వారం తిరక్కుండా ఒక ప్రశ్న పుడుతుంది: "ముందు ఏ పాట నేర్చుకోవాలి?" జవాబు కీబోర్డుతో పాటు వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ట్వింకిల్ ట్వింకిల్, హ్యాపీ బర్త్‌డే, జింగిల్ బెల్స్. ఫోన్లో వెతికినా ఇవే కనిపిస్తాయి. ఈ జాబితాతో నాకు కొంచెం పేచీ ఉంది. నేను సంగీతం టీచర్ని కాను, తెలుగు చెప్పేదాన్ని. కాకపోతే ఏ ఊరికి బదిలీ అయినా తెలుగు తరగతికి దొరికేది సంగీతం గది పక్కనున్న చిన్న గదే. గోడ అవతల నుంచి ఏళ్ల తరబడి విన్నదాన్ని బట్టి, ఇంట్లో నేనూ కాస్త వాయించుకునే అలవాటును బట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు హ్యాపీ బర్త్‌డే సంగతి చూద్దాం. అందరికీ తెలిసిన పాట కదా అని తేలిక అనుకుంటారు. వాయించి చూడండి. మొదటి రెండు వరుసలూ బాగానే నడుస్తాయి. మూడో వరుసలో, పుట్టినరోజు పిల్ల పేరు రాబోయే ముందు, పంచమం నుంచి పై పంచమానికి ఒక్క గెంతు. మూడో తరగతి పిల్ల చెయ్యి అంత దూరం సాగదు. చెయ్యి లేపాలి, చూడాలి, దింపాలి. పాట అక్కడ ఆగుతుంది. గోడ అవతల నుంచి నేను ఎక్కువసార్లు విన్న నిశ్శబ్దం అదే.

ట్వింకిల్ కూడా పేరుకే పసిపాట. రెండో మాటకే 'స' నుంచి 'ప'కు దూకుతుంది. బొటనవేలు 'స' మీద ఉంచితే చిటికెనవేలు 'ప' దగ్గరే అయిపోతుంది, ఆ పై 'ద' అందదు. ఈ బాణీ నిజానికి ఫ్రెంచి వాళ్ళది. మొజార్ట్ అంతటివాడు దీనిమీద పన్నెండు వేరియేషన్లు రాశాడు. పిల్లల పాట అని చులకనగా చూడడానికి లేదు.

జింగిల్ బెల్స్ పల్లవి మాత్రం న్యాయంగా ఐదు వేళ్ల పాట. చెయ్యి కదపక్కర్లేదు. అలాంటిదే ఇంకొకటి, బీథోవెన్ 1824లో పూర్తిచేసిన తొమ్మిదో సింఫనీలోని 'ఓడ్ టు జాయ్' బాణీ. గ గ మ ప, ప మ గ రి అంటూ మెట్లెక్కి దిగినట్టు పక్క మీట నుంచి పక్క మీటకే పోతుంది. ఒక్కచోట మాత్రం కింది 'ప' తగులుతుంది. చేతికి ఇంతకంటే మర్యాదైన మొదటి పాట దొరకడం కష్టం.

అయితే చేతికి తేలికైతే చాలా? నా పేచీ ఇక్కడే. నేర్చుకునేవాళ్ళకి తప్పు తనంతట తనకు తెలిసే పాటే తేలికైన పాట అని నా లెక్క. ఊయల నాటి నుంచి విన్న పాటలో ఒక స్వరం పక్కకు పోతే, ఎవరూ చెప్పకుండానే మొహం చిట్లిస్తారు. వెనక్కి వెళ్ళి దిద్దుకుంటారు. ఎన్నడూ వినని పాటలో ఆ తప్పు అలాగే కూర్చుండిపోతుంది, గురువు గారు వచ్చి లేపేదాకా.

మన ఇళ్లలో ఆ గురువు గారు ఎన్నాళ్లుంటారు? మీ నాన్నగారికో అమ్మకో బదిలీ ఆర్డరు వస్తే సామాను లారీ ఎక్కుతుంది. కొత్త ఊళ్ళో కొత్త టీచరు మళ్ళీ మొదటి పాఠం నుంచి ఎత్తుకుంటారు. ఒకాయన సరిగమలతో చెబితే తర్వాతి ఆవిడ సి, డి, ఇ అంటారు. ఒకరు సరళీ స్వరాలు మాయామాళవగౌళలో మొదలుపెట్టిస్తారు, ఇంకొకరు బిలావల్ అలంకారాలు పట్టిస్తారు. నాలుగేళ్లు నేర్చుకుని నాలుగుసార్లూ మొదటి పాఠం దగ్గరే ఉన్న పిల్లలు నాకు తెలుసు. చివరికి కీబోర్డు అట్టపెట్టెలోంచి బయటికే రాదు, తర్వాతి బదిలీకి అలాగే ఎక్కించేస్తారు.

అందుకని మొదటి పాటకు మీ చెవిలో ఉన్నదే ఎంచుకోమంటాను. 'జో అచ్యుతానంద' తీసుకోండి. అన్నమయ్య పాటగా మన ఇళ్లలో తరతరాలుగా పాడుతున్న జోలపాట. ఎక్కువగా నవరోజు రాగంలో పాడతారు. ఆ రాగం పరిధే కింది పంచమం నుంచి మధ్య పంచమం దాకా, అంతకు మించి పోదు. 'సి' మీటను షడ్జమం చేసుకుంటే పాటంతా తెల్ల మీటల మీదే జరిగిపోతుంది. నిద్రపుచ్చే పాట కాబట్టి పరుగుల్లేవు. 'ముద్దుగారే యశోద' కురంజిలో వింటుంటాం, అదీ తెల్ల మీటల పాటే. మీ ఇంట్లో వీటిని వేరే వరుసలో పాడుకుంటారా? అయితే మీకు ఆ వరుసే సరైనది.

దూరాన ఉన్న ఒక బడిలో నా దగ్గర తెలుగు చదివిన ఆరో తరగతి పిల్ల ఈ జోలపాట వాయించేది. వాళ్ల అమ్మమ్మ శ్రీకాకుళం వైపు. ఆదివారం వీడియో కాల్లో వినిపిస్తే, ఆవిడ పప్పు ఏరుకుంటూనే, "రెండో చరణం ఎత్తుకునే కాడ జారిపోయావే తల్లీ" అనేదట. ఆవిడకు కీబోర్డు ఏమిటో తెలియదు. ఏ ఆర్డరూ ఆవిణ్ణి బదిలీ చేయదు. ఆ పిల్ల తెలుగు రాతలో తడబడేది గానీ ఈ పాటలోని మాట ఒక్కటీ తప్పేది కాదు, అర్థం తెలియని మాటలు వచ్చి నన్ను అడిగేది. తెలుగు టీచరుగా ఇందులో నా స్వార్థం ఉందని మీరంటే కాదనను.

అమ్మమ్మ దగ్గర పాట లేదు, టీచరు లేరు, అయినా ఈ రోజే ఏదో ఒకటి వాయించాలి అనుకునేవాళ్లకు నల్ల మీటలు ఉన్నాయి. అవి రెండూ మూడూ జట్లుగా ఉంటాయి కదా. మూడింటి జట్టును స, రి, గ అనుకోండి. దాని కుడివైపు రెండింటి జట్టు ప, ద. అంతే, మోహన రాగం తయారు. కర్ణాటక సంగీతంలో పిల్లలు తొలి రోజుల్లో నేర్చే 'వరవీణ' గీతం ఈ రాగమే. ఉత్తరాదికి వెళితే ఇవే స్వరాలు భూప్ అనే పేరుతో ఎదురవుతాయి. ఇంకా దూరం వెళితే స్కాట్లండు వాళ్ల 'ఓల్డ్ లాంగ్ సైన్' బాణీ కూడా ఈ ఐదు స్వరాల్లోనే ఉంది. ఆ బాణీ ఆధారంగానే టాగూర్ 'పురానో సేయి దినేర్ కథా' రాశారు, పాత స్నేహితులను తలుచుకునే పాట. బెంగాల్లో ఉన్నవాళ్ళు పక్కింటి వాళ్లను అడగండి, వెంటనే పాడి వినిపిస్తారు. రెండో పాట ఎప్పుడూ ఉన్న ఊరి పాటే అయితే బాగుంటుందని నా అభిప్రాయం. నేర్పడానికి పక్క బెంచీ వాళ్ళు చాలు. కొత్త బడిలో మొదటి నెల ఎవరితో ఏం మాట్లాడాలో తోచనప్పుడు, "మీ పాట ఒకటి నేర్పవా" అనడం అన్నిటికంటే సులువు.

'జనగణమన' వాయించవచ్చా అని కొందరు అడుగుతారు. స, రి, గ అని మొదలై చాలాసేపు 'గ' మీదే నిలుస్తుంది, అందరి చెవిలోనూ ఉంది, చేతికీ కుదురుతుంది. కానీ సాధన చేసే పాటగా వద్దు. అది సుమారు 52 సెకన్లలో ఆగకుండా సాగాల్సిన గీతం. మీరు ముక్కలు ముక్కలుగా వాయిస్తుంటే ఇంట్లో వాళ్ళు లేవాలా కూర్చోవాలా తేలక అవస్థ పడతారు. బాగా వచ్చాక ఆగస్టు పదిహేనుకి వాయించండి.

సినిమా పాటలు వద్దని అనను, అన్నా మీరు వినరు. ఒక్కటే చూసుకోండి. 2023లో ఆస్కార్ గెలిచిన 'నాటు నాటు' బలమంతా దరువులోనూ అడుగులోనూ ఉంది. దాన్ని ఒంటి వేలితో మెల్లగా నొక్కితే ఏ పాటో మీ తమ్ముడు కూడా పోల్చలేడు. పాడితే బాగున్నవన్నీ మీటల మీద బాగుండవు. గమకాలు ఎక్కువ ఉన్న పాటలకూ ఇదే చిక్కు, మీటకీ మీటకీ మధ్య ఉన్న స్వరం కీబోర్డులో మామూలుగా పలకదు. ఇలాంటి కారణాలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ కీబోర్డు మీద కచేరీలు చేసే విద్వాంసులు ఉన్నారు, అది చాలా తర్వాతి మాట.

గ్రేడు పరీక్షలు రాసేవాళ్ళు వాళ్ల సిలబస్ ప్రకారమే పోవాలి. మిగతా అందరూ ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. నేర్చిన ప్రతి పాటనూ తెలుగు లిపిలో సరిగమలతో రాయండి, 'స' ఏ మీటో పైన గుర్తు పెట్టండి. కొత్త టీచరు మొదటి పాఠం తీయబోతే ఈ పుస్తకం ముందుంచండి. మీటల మీద అంటించే స్టిక్కర్లు లారీ ప్రయాణంలో రాలిపోతాయి, వాటిని నమ్ముకోకండి.

ఈ వేసవికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ చేతో నానమ్మ చేతో పాట పాడించి ఫోన్లో రికార్డు చేసుకోండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాదు, పొద్దున్నే అడగండి, గొంతు బాగుంటుంది. ఆవిడ శ్రుతి మీ 'సి'తో కలవకపోతే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. ఐదో శ్రుతిలో పాడుతుంటే దాన్ని మైనస్ ఐదుకి తిప్పితే, మీరు 'సి' నుంచే వాయించినా ఆవిడ గొంతుతో కలుస్తుంది.