రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారా? ప్రమాదం ఎక్కడుంది, చట్టం ఎంతవరకు తోడుంటుంది

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటితే రావులపాలెం. హైవే మీద రెండోవైపు వెళ్తే రాజమహేంద్రవరం. గుండె వాల్వు మార్పిడి, స్టెంట్, మోకీలు ఆపరేషన్ లాంటి పెద్ద చికిత్సలకు ఈ చుట్టుపక్కల జనం రాజమహేంద్రవరం, కాకినాడ, విశాఖపట్నం, ఒక్కోసారి హైదరాబాద్ దాకా వెళ్తారు. ఆపరేషన్ అక్కడ అయిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి, కొందరికి జీవితాంతం వేసుకోవాల్సిన మాత్ర మాత్రం ఊళ్లోనే, పక్క వీధి మందుల షాపు భరోసా మీద నడుస్తుంది. అసలు సమస్య మొదలయ్యేది ఇక్కడే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. జొన్నాడలో 58 ఏళ్ల మనిషి. రెండేళ్ల కిందట గుండెలో మెటల్ వాల్వు వేశారు. రోజూ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు. నడుం నొప్పి వస్తే షాపులో అడిగి అయిదు రోజులు నొప్పి బిళ్లలు వాడారు. అదే వారం తన మాత్ర దొరక్కపోతే "అదే పని చేస్తుంది" అంటూ షాపతను వేరే అట్ట ఇచ్చాడు. ఆరో రోజు మలం తారులా నల్లగా వచ్చింది. రాజమహేంద్రవరం తీసుకెళ్తే కడుపులో రక్తస్రావం అని తేలింది.

ఇందులో తప్పు ఎవరిది? ఆపరేషన్ చేసిన డాక్టర్‌దా, షాపు వాళ్లదా, కంపెనీదా, అడగకుండా నొప్పి బిళ్ల వేసుకున్న మనిషిదా? దీనికి జవాబు మందులో కంటే, ఇంట్లో దాచుకున్న కాగితాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఇంతకీ ఈ మాత్రలు ఏం చేస్తాయి?

పేరుకు రక్తం పలచబడే మాత్రలే గానీ, వీటివల్ల రక్తం నీళ్లలా పలచబడదు. గడ్డకట్టే వేగం తగ్గుతుంది, అంతే. వీటిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మొదటి రకం. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఇవి చూస్తాయి. స్టెంట్ వేసినవారికి ఎక్కువగా ఇస్తారు. రెండో రకం గడ్డకట్టించే ప్రొటీన్ల మీదే పనిచేస్తుంది. వార్ఫరిన్, మన దగ్గర ఎసిట్రోమ్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన ఎసినోకుమరాల్, కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ ఈ కోవలోకి వస్తాయి. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఈ రెండో రకంతోనే.

వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవారికి ఐఎన్‌ఆర్ అనే రక్త పరీక్ష తప్పనిసరి. మందు వాడని ఆరోగ్యవంతులకు ఇది 1 దగ్గర ఉంటుంది. మందు వాడేవారిలో చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. కొన్ని రకాల మెటల్ వాల్వులకు ఇంకొంచెం ఎక్కువ ఉంచాలి. అంకె తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, పక్షవాతం రావొచ్చు. బాగా పెరిగితే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం కావొచ్చు. మందు ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే.

అంకె ఎందుకు మారుతుంది?

ఈ పాత మందులు విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. ఆ విటమిన్ ఆకుకూరల్లో బాగా ఉంటుంది. అలాగని తోటకూర, పాలకూర పూర్తిగా మానేయక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. ఇబ్బందల్లా ఒక్కసారిగా పెంచినప్పుడూ, ఒక్కసారిగా మానేసినప్పుడూ వస్తుంది. ఆషాఢం వచ్చిందని రోజూ మునగాకు వండుకు తినడం మొదలుపెడితే, ఆ సంగతి ముందు డాక్టర్‌కు చెప్పాలి.

ఇక మందులు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కడుపులో రక్తస్రావం ముప్పును పెంచుతాయి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్, కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు దాన్ని కిందికి లాగుతాయి. నొప్పి తగ్గాలని ఊళ్లో పిరుదుకు వేయించుకునే సూదిమందు కూడా వీరికి మామూలు విషయం కాదు. కండరం లోపల రక్తం పేరుకుపోవచ్చు.

"కొత్త మాత్రలకు పరీక్షలు అక్కర్లేదట కదా" అని చాలామంది అడుగుతారు. కొంతవరకు నిజమే. వీటికి తరచూ ఐఎన్‌ఆర్ చూడక్కర్లేదు. కిడ్నీ పనితీరు మాత్రం చూసుకోవాలి. అయితే ఇవి అందరికీ సరిపోవు. మెటల్ వాల్వు ఉన్నవారి మీద డాబిగాట్రాన్‌ను పరీక్షించినప్పుడు గడ్డలూ, రక్తస్రావాలూ రెండూ పెరగడంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు దెబ్బతిని, గుండె లయ తప్పినవారిలో రివరోక్సబాన్ కంటే పాత మందులే మేలని 2022 నాటి ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. మన ప్రాంతంలో రుమాటిక్ గుండె జబ్బు ఇంకా కనిపిస్తుంది కాబట్టి, బంధువుకు రాసిన మాత్ర మనకూ పనికొస్తుందని అనుకోవడానికి లేదు.

అమెరికాలో కోట్ల డాలర్లు ఎందుకు కట్టారు?

ఈ మందుల మీద పెద్ద కోర్టు పోరాటాలు అమెరికాలో జరిగాయి. డాబిగాట్రాన్‌కు అక్కడ 2010లో అనుమతి వచ్చింది. రక్తస్రావం మొదలైతే ఆపే విరుగుడు అప్పటికి లేదు. ఆ ముప్పు గురించి తమను తగినంతగా హెచ్చరించలేదని వేలమంది కేసులు వేశారు. తయారీదారు బోరింగర్ ఇంగెల్‌హైమ్ 2014లో సుమారు 4,000 కేసులను 65 కోట్ల డాలర్లతో రాజీ చేసుకుంది. విరుగుడు మందుకు అనుమతి వచ్చింది 2015లో.

రివరోక్సబాన్ విషయంలో 2019లో బేయర్, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి దాదాపు 25,000 కేసులకు 77.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. అంతకుముందు విచారణకు వచ్చిన కేసుల్లో కంపెనీలు గెలిచినవీ ఉన్నాయి. తప్పు చేశామని మాత్రం అవి ఒప్పుకోలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండు మందులూ ఇప్పటికీ మార్కెట్లో ఉన్నాయి, ప్రాణాలు కాపాడుతూనే ఉన్నాయి. గొడవంతా "మందు చెడ్డది" అని కాదు. "ముప్పు గురించి ముందే చెప్పారా, లేదా" అన్నదే అక్కడ అసలు ప్రశ్న. మన చట్టంలోనూ చాలావరకు ఇదే ప్రశ్న వస్తుంది.

మన చట్టం ఏం చెబుతోంది?

డాక్టర్, ఆసుపత్రి: రోగికి జబ్బేమిటో, చికిత్స ఏమిటో, దానిలో ముప్పు ఏమిటో అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో జనరిక్ పేరుతో రాయాలని 2016లో సవరణ కూడా తెచ్చారు.

మందుల షాపు: ప్రిస్క్రిప్షన్ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులకు బదులు వేరేది ఇవ్వకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన చెబుతోంది. లోపల ఉన్నది అదే మందైనా సరే, ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. డాక్టర్ జనరిక్ పేరు రాస్తే ఏ కంపెనీదైనా ఇవ్వొచ్చు. బ్రాండ్ పేరు రాసి ఉంటే మాత్రం మార్చే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే. ఈ మందుల్లో తేడా పెద్దది. ఎసినోకుమరాల్ మిల్లీగ్రాములూ వార్ఫరిన్ మిల్లీగ్రాములూ సమానం కావు. ఒకే మందులో 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలు పక్కపక్కనే ఉంటాయి. అట్ట మారిందంటే మోతాదూ మారిపోయి ఉండొచ్చు.

అర్హత లేని వైద్యం: జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. అర్హత లేని పద్ధతిలో మందులివ్వడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కంపెనీ: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో "ఉత్పత్తి బాధ్యత" అనే కొత్త అధ్యాయం చేరింది. లోపమున్న సరుకు వల్లే కాదు, తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం వల్ల నష్టం జరిగినా తయారీదారును అడగొచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సిన మందుల విషయంలో ఒక మెలిక ఉంది. హెచ్చరికలన్నీ డాక్టర్‌కు అందాయని చూపిస్తే కంపెనీకి మినహాయింపు దొరకొచ్చు. అప్పుడు ప్రశ్న మళ్లీ డాక్టర్ మీ దాకా ఆ మాట చేర్చారా అన్న దగ్గరికే వస్తుంది.

ఉచితంగా ఆపరేషన్ అయితే కేసు వేయొచ్చా?

కోనసీమలో చాలామందికి వచ్చే సందేహం ఇదే. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఈ చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలోనైతే ఉచితంగా చేయించుకున్నవారూ వినియోగదారులే. మీ తరఫున బీమా కంపెనీ డబ్బు కట్టినా అంతే.

పూర్తిగా ఉచితమైన ప్రభుత్వ ఆసుపత్రి అయితే వైద్య మండలికి, ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేయొచ్చు, సివిల్ కోర్టుకూ వెళ్లొచ్చు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే నష్టం జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు.

ప్రతి కేసులోనూ నిపుణుడైన డాక్టర్ సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో హైదరాబాద్‌కు చెందిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ చికిత్స చేశారన్న ఆ కేసులో జిల్లా ఫోరం ఇచ్చిన రూ.2 లక్షల పరిహారాన్ని పునరుద్ధరించింది. తప్పు కళ్లకు కనిపించేలా ఉంటే రికార్డే మాట్లాడుతుంది. రికార్డు అంటూ ఉంటే.

క్రిమినల్ కేసు సంగతి వేరు. డాక్టర్ మీద అది నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద డాక్టర్‌కు రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. రక్తస్రావం అయినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. అంతా సరిగ్గా చేసినా ఈ మందులతో కొందరికి రక్తస్రావం అవుతుంది.

మరి మన ఉదాహరణలో తప్పు ఎవరిది?

కాగితాలను బట్టి ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో "నొప్పి బిళ్లలు వాడొద్దు, ఐఎన్‌ఆర్ ఫలానా తేదీకి చేయించుకోండి" అని ఉంటే ఆసుపత్రి తన పని చేసినట్టే. ఆ మాటే లేకపోతే ప్రశ్న అటు తిరుగుతుంది. చీటీలో ఒక బ్రాండ్ ఉండి, బిల్లులో ఇంకోటి ఉంటే షాపు జవాబు చెప్పాలి. బిల్లే లేకపోతే ఆ షాపులో కొన్నారని చూపించడమే కష్టం. చాలా కుటుంబాలు ఇక్కడే ఓడిపోతాయి.

ఇంట్లో ఈ మాత్ర వాడేవారుంటే ఇవి చేయండి:

• డిశ్చార్జి కాగితం, ప్రతి చీటీ ఫొటో తీసి ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టండి.
• ఐఎన్‌ఆర్ అంకె, తేదీ, ఆ రోజు వేసుకుంటున్న మోతాదు ఒక చిన్న పుస్తకంలో రాయండి.
• బ్యాచ్ నంబర్ ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. అట్ట రంగు గానీ, పేరు గానీ, మిల్లీగ్రాములు గానీ మారితే వేసుకోకుండా ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.
• పన్ను పీకించుకునే ముందు, సూది వేయించుకునే ముందు, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మందు సంగతే మొదట చెప్పండి. గర్భం ఆలోచన ఉన్న మహిళలు ముందే చెప్పాలి. వార్ఫరిన్ రకం మందులు బిడ్డకు హాని చేయగలవు.
• గోదావరికి వరద వచ్చే రోజుల్లో లంక గ్రామాలవారు కనీసం రెండు వారాల మాత్రలు ముందే తెచ్చిపెట్టుకోవాలి. సొంతంగా ఆపేయడం కూడా ప్రమాదమే.
• నల్లటి మలం, ఎర్రటి మూత్రం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ, హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఏ మాత్ర వాడుతున్నారో అంబులెన్స్‌లోనే చెప్పండి.

మందు వల్ల ఇబ్బంది వస్తే రోగులు కూడా నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. దేశవ్యాప్త మందుల భద్రతా కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024. షాపు మీద ఫిర్యాదుకు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ, డాక్టర్ మీద ఫిర్యాదుకు ఆంధ్రప్రదేశ్ వైద్య మండలి ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. లాయర్ ఖర్చు భరించలేనివారు ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం అందుతుంది.

ఈ పూట మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో అమ్మానాన్నలకో, అత్తమామలకో ఈ మాత్ర ఉంటే, చివరిసారి ఐఎన్‌ఆర్ ఎప్పుడు చేయించారో అడగండి. వెంటనే తేదీ చెప్పలేకపోతే, రేపే పరీక్షకు తీసుకెళ్లండి.

(ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందు మోతాదు మార్చాలన్నా, ఆపాలన్నా మీ డాక్టర్‌ను అడగండి.)