కేరళ కొలువుల్లో కొత్త చేతులు: గల్ఫ్ వలస మిగిల్చిన ఖాళీ ఎవరితో నిండుతోంది?

తిరువనంతపురం: కేరళలో చిన్న హోటల్ వంటగది మొదలుకొని భవన నిర్మాణ స్థలం వరకు నేడు బెంగాలీ, అస్సామీ, ఒడియా, హిందీ భాషలు విరివిగా వినిపిస్తున్నాయి. ఆ పనులు చేస్తున్నవారిని స్థానికులు 'భాయీ' అని పిలుస్తారు. లక్షలాది మందిని గల్ఫ్‌కు పంపిన రాష్ట్రమే ఇప్పుడు తూర్పు, ఈశాన్య భారత కార్మికులకు గల్ఫ్‌గా మారింది.

ఈ పరిణామం వెనుక అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. 1973 చమురు ధరల పెరుగుదల తర్వాత గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకోగా, మలయాళీ తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, డ్రైవర్లు అక్కడికి తరలివెళ్లారు. వారు పంపిన సొమ్ము సొంత ఇళ్లకు, పిల్లల చదువులకు వెచ్చించబడింది. చదువుకున్న ఆ పిల్లలు తండ్రుల వృత్తిని కోరుకోలేదు. 1980ల చివరికే జననాల రేటు జనాభా స్థిరీకరణ స్థాయికి తగ్గడంతో పనిచేసే యువత సంఖ్య కూడా క్రమేణా పలచబడింది.

2013లో గులాటీ ఆర్థిక, పన్నుల సంస్థ అధ్యయనం కేరళలోని ఇతర రాష్ట్రాల కార్మికుల సంఖ్యను సుమారు 25 లక్షలుగా అంచనా వేసింది. 2023 కేరళ వలస సర్వే ప్రకారం విదేశాల్లోని కేరళీయులు దాదాపు 22 లక్షలు. వారిలో విద్యార్థుల సంఖ్య 2018తో పోలిస్తే సుమారు రెట్టింపైంది. నాడు పనికోసం వెళ్లిన కుటుంబాల నుంచే నేడు చదువుకోసం వెళ్తున్నారు.

కార్మికులను రప్పిస్తున్నది కూలీ వ్యత్యాసమే. రిజర్వ్ బ్యాంక్ గణాంకాల ప్రకారం 2022-23లో గ్రామీణ నిర్మాణ కార్మికుని సగటు దినసరి వేతనం కేరళలో రూ.852 కాగా, జాతీయ సగటు రూ.393 మాత్రమే.

హక్కుల మాటేమిటి?

గల్ఫ్‌లో మలయాళీ పరాయి దేశస్థుడు. పెరుంబావూరు ప్లైవుడ్ మిల్లులోని బెంగాలీ కార్మికుడు భారత పౌరుడు. అయినా అతని ఓటు తరచూ స్వగ్రామంలోనే ఉంటుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రధానంగా కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవారిని ఉద్దేశించినది కనుక, తనంతట తానుగా వచ్చి హోటల్లో చేరినవారికి దానివల్ల ఒనగూరింది స్వల్పం. 2020 మార్చి లాక్‌డౌన్ వేళ కొట్టాయం జిల్లా పాయిప్పాడులో కార్మికులు స్వస్థలాలకు పంపాలంటూ రోడ్డెక్కడం ఆ అభద్రతను చాటింది. వలస కార్మికులకు 2017లో ప్రారంభించిన 'ఆవాజ్' బీమా, వారి పిల్లల చదువుకై ఎర్నాకుళం జిల్లాలో చేపట్టిన 'రోష్ని' పథకం సరైన దిశలో పడిన అడుగులు.

తెలంగాణలోనూ ఇదే తీరు

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వలసలు సాగుతుండగా, తెలంగాణ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది అధికంగా బిహార్ హమాలీలే. 2020 మే 1న తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికులను తీసుకువెళ్లగా, వారం తిరగకుండానే ధాన్యం కొనుగోళ్ల వేళ మిల్లుల కోసం బిహార్ నుంచి హమాలీలను రైలులో రప్పించవలసి వచ్చింది.

ఒక తరం విడిచిన పనిని మరో ప్రాంతపు తరం అందుకోవడం అభివృద్ధికి సహజ లక్షణమే. అయితే కేరళ కుటుంబాలను పైమెట్టుకు చేర్చింది గల్ఫ్ కూలీ ఒక్కటే కాదు, ఊరిలోని బడి కూడా. తల్లిదండ్రుల వెంట పని ఊళ్లకు వచ్చిన పిల్లలకు అలాంటి బడి దొరకకపోతే, మలయాళీలు ఎక్కివచ్చిన మెట్టు వారికి వారసత్వపు కొలువుగా మిగిలిపోతుంది.