అమ్మేవాడే పాటదారైతే

పొగాకు వేలం కేంద్రంలో వ్యాపారులు కూడబలుక్కుని ధర దించితే ప్రకాశం జిల్లాలో దాన్ని సిండికేట్ అంటారు. రైతులు వేలం ఆపేస్తారు, రోడ్డెక్కుతారు. ఇంటర్నెట్‌లో డొమైన్ పేరును, అంటే వెబ్‌సైట్ చిరునామాను, వేలానికి పెట్టినవాడు మరో ఖాతాతో తానే పాట పాడి ధర పెంచుకుంటే మాత్రం దానికి వ్యాపార తెలివి అని పేరు. మొదటిది ఉన్న పోటీని చంపడం. రెండోది లేని పోటీని పుట్టించడం. రెండూ పోటీ పేరుతో చేసే మోసాలే అయినా రెండోదాన్ని సమర్థించే వాదన ఆ వ్యాపారంలో బాగా చెల్లుబాటవుతోంది. పేరు అమ్మేవాడిది, ఎలా అమ్ముకోవాలో అతని ఇష్టం. కొనేవాడు తన గరిష్ఠ ధర తానే రాసుకుంటాడు, అంతకు మించి పైసా ఇవ్వడు. మధ్యలో అమ్మేవాడు నాలుగు పాటలు ఎగదోస్తే ఎవరి సొమ్ము పోయింది? ఇదీ వాళ్ల ప్రశ్న. ప్రశ్న గట్టిదే కాబట్టి జవాబు లెక్కతోనే చెప్పాలి.

ఆన్‌లైన్ వేలంలో కొనేవాడు తన గరిష్ఠ ధర ముందే రాసి పెడతాడు. అవతలివాడు ఆగినచోటికి ఒక మెట్టు పైన మాత్రమే యంత్రం అతని తరఫున పాడుతుంది. ఒకరు 50,000 రూపాయలు రాశారనుకుందాం. నిజమైన పోటీదారు 20,000 దగ్గర ఆగిపోయాడు. మెట్టు 500 అయితే పేరు 20,500కి రావాలి. అమ్మేవాడి దొంగ ఖాతా 45,000 పాడితే అదే పేరు 45,500 అవుతుంది. ఆ ఖాతా గెలవనక్కర్లేదు, గెలవకపోవడమే దాని పని. కొనేవాడు 50,000 దాకా ఒప్పుకున్నాడు కదా అంటే, ఒప్పుకున్న మాట నిజమే, కానీ ఆ అంకెను అతను బయటపెట్టింది నిజమైన పోటీ వస్తేనే వాడతారన్న హామీ మీద. హామీ అబద్ధమైనప్పుడు 25,000 రూపాయల తేడా చేతులు మారింది. పైగా గరిష్ఠ ధర ఎవరి మనసులోనూ రాతిమీద చెక్కి ఉండదు, పక్కవాళ్ల పాట చూసి మారుతుంది. పొగాకు బేలు ముందుంటే ఆకు రంగు, పదను, గ్రేడు చేత్తో చూసి తేల్చుకోవచ్చు. మిరపకాయ అయినా అంతే, తాలు ఎంతో, తేమ ఎంతో కంటికి తెలుస్తుంది. డొమైన్ పేరులో తాకి చూడటానికి ఏమీ లేదు. ఏడాదికి వెయ్యి రూపాయలు అటూఇటూగా నమోదయ్యే నాలుగు అక్షరాలు లక్ష పలుకుతున్నాయంటే, ఆ లక్షకు ఉన్న ఆధారమల్లా ఇంకొకరు దాదాపు అంత ఇస్తామన్నారనడమే. సరుకులో సాక్ష్యం ఎంత తక్కువైతే పాటే అంతకంత సాక్ష్యం అవుతుంది. ఇక్కడ దొంగపాట అంటే సాక్ష్యం తారుమారు చేయడం. దాని చెడు ఆ ఒక్క కొనుగోలుతో ఆగదు. రేపు ఇంకొకరు అలాంటి పేరే అమ్ముతూ, పోయినసారి ఇంత పలికిందని ఆ అంకెనే చూపిస్తారు.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిన నీతి లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్‌లో అంతా ఉంది. పాడే హక్కు తనకు ఉందని అమ్మేవాడు ముందే బాహాటంగా ప్రకటిస్తే అతను గానీ, అతని తరఫున ఒకరు గానీ పాడవచ్చు. ప్రకటించకుండా పాడటం చట్టవిరుద్ధం. తెలిసి ఆ పాటను స్వీకరించే వేలందారుదీ తప్పే. ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పాడితే అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొనేవాడిది. మన ఊళ్లలో చెరువు చేపలకూ రేవు హక్కులకూ వేలం వేసేటప్పుడు సర్కారువారి పాట అని ముందు ఒక అంకె చెబుతారే, అది కూడా అమ్మేవాడి పాటే. కానీ ఎవరి పాటో అందరికీ తెలుసు. కనీస ధర పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు, దానికి మారుపేరుతో ముసుగు వేయవద్దన్నారు. డొమైన్ పేరు వస్తువే కాదు, కేవలం ఒక నమోదు ఒప్పందం, ఈ చట్టం దానికి వర్తించదు అనేవాళ్లున్నారు. ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. అయితే చేతికి తగలని ఆస్తి కూడా వస్తువు కావచ్చని సుప్రీంకోర్టు 2004లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ టాటా కన్సల్టెన్సీకీ మధ్య నడిచిన సాఫ్ట్‌వేర్ పన్ను కేసులో చెప్పింది. అదే ఏడాది సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు లాంటి రక్షణ ఉంటుందని తేల్చింది. ఇవేవీ చాలవనుకున్నా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఉంది. మోసంతో రాబట్టిన సమ్మతి ఏ ఒప్పందంలోనైనా రద్దుకు లోబడేదే.

పట్టుకోలేని తప్పుకు నియమం ఎందుకన్నది మరో వాదన. అమెరికాలోని స్నాప్‌నేమ్స్ వేలం సంస్థ 2009 నవంబరులో తన ఉన్నతోద్యోగి ఒకరు 2005 నుంచి హల్వారెజ్ అనే మారుపేరుతో తమ వేలాల్లోనే పాడుతున్నాడని బయటపెట్టింది. సుమారు ఐదు శాతం వేలాలకు ఆ మచ్చ తగిలిందని తానే ఒప్పుకుంది. అదనంగా కట్టినవాళ్లకు తేడా సొమ్మును వడ్డీతో ఇస్తామంది. అంటే పట్టుకోవచ్చు, లెక్కకట్టవచ్చు, తిరిగి ఇవ్వవచ్చు. ఏ ఖాతా ఎప్పుడు ఎంత పాడిందన్న చిట్టా అంతా వేలం నడిపే వేదిక దగ్గరే ఉంటుంది. ఉండనిది చూడాలన్న కోరిక. ధరలో వాటా తీసుకునే వేదికకు ధర పెరిగితే నష్టమేముంది? నాలుగేళ్లు పట్టడానికి సాంకేతిక కష్టం ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. 2010లో బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ కోర్టు ఈబేలో తన సరుకు మీద తానే పాడుకున్న అమ్మకందారుకు జరిమానా వేసింది. అక్కడ దాన్ని తెలివి అనలేదు.

పొగాకు రైతు కూడా ధర నచ్చకపోతే బేలు వెనక్కి తీసుకుంటాడు కదా, డొమైన్ అమ్మేవాడు తీసుకుంటే తప్పేమిటి అని అడగవచ్చు. రైతుకు ఆ వెసులుబాటు ఉందని కొనే వ్యాపారి ముందే ఎరిగి పాడతాడు. రైతు వెనక్కి తీసుకోవడం అందరి కళ్లముందూ జరుగుతుంది. కనీస ధర లేదని ప్రకటించి, మూడోసారి అయిపోయాక తక్కువ పలికిందని పేరు బదిలీ చేయకుండా ముఖం చాటేయడం వేరు. పాట ముగిస్తే అమ్మకం పూర్తయినట్టేనని అదే 64వ సెక్షన్ అంటుంది. ఇంకో రకం మౌనం కూడా ఉంది. ఆ పేరు ఎవరి ట్రేడ్‌మార్కుకో తగులుతుందని అమ్మేవాడికి తెలుసు, చెప్పడు. డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ 1999లో తెచ్చిన వివాద పరిష్కార విధానం కింద ట్రేడ్‌మార్కుదారు గెలిస్తే పేరు రద్దవుతుంది, లేదా అతనికి పోతుంది. కొన్నవాడి డబ్బు గురించి ఆ తీర్పు ఏమీ మాట్లాడదు. ఏటా కట్టాల్సిన పునరుద్ధరణ రుసుము మామూలు కన్నా ఎన్నో రెట్లున్న పేర్లూ ఉన్నాయి. ఆ సంగతి గెలిచాక తెలిస్తే ఏం లాభం?

కొనేవాళ్లూ సట్టా వ్యాపారులే, వాళ్ల మీద జాలెందుకన్న మాట చివరికి ఎప్పుడూ వస్తుంది. కొందరు సట్టావాళ్లే. కానీ గుంటూరు మిర్చి ఎగుమతిదారు తన సరుకుకు ఒక పేరు కావాలని జీవితంలో ఒక్కసారి ఆ వేలంలోకి రావచ్చు. అవతల కూర్చున్నవాడికి అది రోజూ చేసే పని. వేలం కేంద్రంలో నమోదైన వ్యాపారి మాత్రమే పాడాలనీ, డబ్బు నిర్ణీత పద్ధతిలోనే చేరాలనీ పొగాకు బోర్డు నియమాలు పెట్టింది కూడా ఇలాంటి అసమానత వల్లే. అంతకుముందు ధరా తూకమూ వాయిదా అన్నీ కొనేవాడి నోటిమాట మీదే ఉండేవి. విదేశీ వేదికలకు మన చట్టం చేయి చాలకపోవచ్చు. .ఇన్ పేర్లకూ తెలుగు లిపిలోని .భారత్ పేర్లకూ ఆ సాకు లేదు. వాటి పెత్తనం నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా (నిక్సీ)ది, ఆ పేర్లు నమోదు చేసి అమ్మే రిజిస్ట్రార్లకు గుర్తింపు ఇచ్చేదీ నిక్సీయే. గుర్తింపు షరతుల్లో మరికొన్ని చేర్చితే సరిపోతుంది. వేలం నడిపే రిజిస్ట్రారు తన ఉద్యోగులను పాడనివ్వకూడదు. అమ్మేవాడికి సంబంధించిన ఖాతాలను అడ్డుకోవాలి. ప్రతి పాటదారుకూ మారని సంఖ్య ఇచ్చి పాటల చిట్టాను వేలం తర్వాత బయటపెట్టాలి. కనీస ధర ఉంటే ఉందని పేరు పక్కనే రాయాలి. దొంగపాట రుజువైతే తేడా సొమ్ము వడ్డీతో చెల్లించే బాధ్యత ముందు వేదిక మీద పెట్టాలి, అమ్మేవాడి దగ్గర తర్వాత అదే వసూలు చేసుకుంటుంది.