దాచినది కాదు, తిరిగి చేతికొచ్చినదే మనది

ఇల్లు కాలుతుంటే బావి తవ్వబోయినట్లు అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. నేటి కంప్యూటర్ యుగంలో ఈ సామెతకు మరో మెలిక తోడైంది. బావి ముందే తవ్వించాం, డబ్బూ కట్టాం; తీరా ఇల్లు అంటుకున్నాక చేద వేస్తే నీళ్ళు లేవు! వెబ్‌సైటు యజమానులకు బ్యాకప్ సేవలు అమ్మే వ్యాపారం చాలాచోట్ల ఇలాగే నడుస్తోందని నా అభిప్రాయం. ఈ సేవలు బాగుపడాలి. ఎలా బాగుపడాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

వెబ్‌సైటు అంటే ముఖ్యంగా రెండు భాగాలు. ఒకటి ఫైళ్ళు, అంటే బొమ్మలు, ప్రోగ్రాములు. రెండోది డేటాబేస్, అంటే రాతలు, పేర్లు, లెక్కలు. ఈ రెంటికీ ప్రతి రాత్రీ ఒక నకలు తీసి వేరే కంప్యూటర్‌లో దాచడమే బ్యాకప్ సేవ.

"ఇదంతా కంపెనీల గొడవ, మనకెందుకోయ్?" అని మిత్రులు అడగవచ్చు. ఎందుకో ఆలోచించండి. అచ్చయిన సావనీరు వందల ఇళ్ళకు చేరుతుంది. ఒక ఇంట్లో చెదలు తిన్నా ఇంకో ఇంట్లో మిగులుతుంది. అచ్చు పుస్తకానికి ఆ చెదిరిపోవడమే రక్ష. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1999లో ప్రారంభించిన 'లాక్స్' అనే పథకం సారాంశం కూడా అదే: ప్రతులు ఎక్కువైతే భద్రత ఎక్కువ. మరి వెబ్‌సైటులో పెట్టిన కథకు, ఫోటోకు, పాత విద్యార్థుల జాబితాకు ఎన్ని ప్రతులున్నాయి? చాలాసార్లు ఒక్కటే.

ఇక పెద్దవాళ్ళ సంగతి చూద్దాం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌కు ఐదు మార్గాలున్నాయి కదా అని వెతికితే అక్కరకొచ్చేలా ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు! నకలు తీసే ప్రోగ్రాము వెర్షను తేడా వల్ల ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్ళు కూడా దారిలోనే తిరస్కరణకు గురవుతున్నాయి. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన నకలు ఉండబట్టి బతికిపోయారు. ఆ ఆరు గంటల రాతలు మాత్రం పోయాయి. ఇదంతా ఆ సంస్థే దాచకుండా లోకానికి చెప్పుకుంది. అది మెచ్చుకోదగ్గ విషయం.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ కంపెనీ డేటా కేంద్రం ఒకటి పూర్తిగా కాలిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్‌కు డబ్బు కట్టిన ఒక ఖాతాదారు నకలు కూడా ఆ కాలిన భవనంలోనే ఉందట! వ్యవహారం కోర్టుకెక్కింది, 2023లో కింది కోర్టు ఆ ఖాతాదారుకు పరిహారం ఇమ్మంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడినప్పుడు ఉద్యోగుల ఫైళ్ళు 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. అవి మరీ ఎక్కువని బయట నకలే ఉంచలేదు.

ఈ మూడింటిలోనూ లోపం యంత్రానిది కాదు. దాచామన్న ధీమాది.

మా ఇంట్లో విత్తనాన్ని దాచడంతో పని అయిపోయిందనుకోరు. దుక్కికి ముందు నూరు గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక చూస్తారు. వరి విత్తనం ధ్రువీకరణకు కనీసం 80 శాతం మొలక ఉండాలని మన దేశంలో ప్రమాణం. గాదె నిండా ఉన్నా మొలవని గింజ విత్తనం కాదు, తిండిగింజే. తిరిగి తెరుచుకోని బ్యాకప్ కనీసం తిండిగింజ కూడా కాదు.

కాబట్టి నా మొదటి సూచన: సేవ అందించేవారు నెలకొకసారైనా నకలుతో వెబ్‌సైటును వేరొకచోట నిలబెట్టి చూడాలి. ఎన్ని ఫైళ్ళు వచ్చాయి, డేటాబేస్ తెరుచుకుందా, మొదటి పేజీ కనబడిందా, ఎంతసేపు పట్టింది అన్నది యజమానికి తేట తెలుగులో చీటీ పంపాలి. "బ్యాకప్ విజయవంతం" అన్న ఒక్క ముక్క చాలదు. చీటీ రాకపోతే అదే ప్రమాద ఘంటిక అని ముందే చెప్పాలి.

రెండు: నకలు వేరే ఊళ్ళో, వేరే తాళంతో ఉండాలి. వెబ్‌సైటు పాస్‌వర్డుతోనే నకలునూ చెరపగలిగితే దొంగకు ఇంటి తాళం, గాదె తాళం ఒకే గుత్తిలో ఇచ్చినట్లే.

మూడు: ఏడు రోజుల నకళ్ళతో సరిపెట్టకూడదు. దొంగ ప్రోగ్రాము చొరబడిన సంగతి కొన్ని వారాలకు గాని బయటపడకపోవచ్చు. అప్పటికి ఏడు నకళ్ళూ చెడిపోయినవే. రోజువారీవి 7, వారానివి 4, నెలలవి 12, మొత్తం 23 ఉంచితే చాలావరకు గట్టెక్కవచ్చు. మారిన భాగాన్నే దాచే పద్ధతి ఉంది గనుక స్థలం 23 రెట్లు అక్కర్లేదు.

నాలుగోది మనబోటి వాళ్ళకు ముఖ్యం. విద్యార్థి సంఘాల్లో ఏటా కార్యవర్గం మారుతుంది. ఖాతా మాత్రం ఎప్పుడో చదువు ముగించి వెళ్ళిన అన్న ఫోను నంబరు మీద ఉంటుంది. గడువు నోటీసు ఆయనకు పోతుంది, ఆయన చూడడు. ఓ రోజు అంతా మాయం! ఖాతా మనిషి పేర కాక పదవి పేర ఉండేలా, ఇద్దరికి నోటీసు వెళ్ళేలా ఏర్పాటుండాలి. గడువు దాటినా 60 రోజులు ఆగాలి. మన నకలును ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే రూపంలో మనం దింపుకోనివ్వాలి.

"ఇంత చౌకగా ఇస్తున్నాం, ఇవన్నీ చేస్తే గిట్టుబాటు కాదు" అని కంపెనీలవారు అనవచ్చు. గిట్టుబాటు మాట విలువ రైతుబిడ్డకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెద్ద వెబ్‌సైట్లకు ఖర్చు నిజమే. చిన్నవాటికి పరీక్ష కొద్ది నిమిషాల యంత్రపు పని. అదీ కుదరదంటే "మేం దాస్తాం, తిరిగి వస్తుందని హామీ లేదు" అని ప్రకటనలోనే రాయాలి. అప్పుడు కొనేవాడు ఆలోచించుకుంటాడు. అన్నీ ఎప్పటికీ దాచడమూ తప్పే. ఎవరైనా తమ వివరాలు తీసేయమని కోరితే పాత నకళ్ళలోనూ అవి ఏదో ఒకనాటికి పోవాలి. వ్యక్తుల సమాచార రక్షణకు మన దేశంలో 2023లో చట్టం కూడా వచ్చింది.

అయితే భారమంతా కంపెనీల మీదనే వేసి మనం చేతులు దులుపుకోకూడదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్నది కంప్యూటర్ శాస్త్రంలో వాడుకలో ఉన్న సూత్రం. సెమిస్టరుకొకసారి సంఘం వెబ్‌సైటు నకలు దింపి ఒక హార్డ్ డిస్కును గ్రంథాలయంలో, ఇంకొకటి డిపార్టుమెంటులో ఉంచడానికి ఎంత శ్రమ? కొత్త కార్యవర్గానికి బాధ్యతలు అప్పగించే రోజున లెక్కల పుస్తకంతోపాటు ఆ డిస్కునూ, పాస్‌వర్డులనూ అప్పగించే ఆచారం పెట్టుకుందాం. తీసుకునేవారు దాన్ని అక్కడికక్కడే ఒకసారి తెరిచి చూసి, ఆ తర్వాతే సంతకం చేయాలి. ఈ ఆచారం మన కళాశాలలో ఈ ఏడే మొదలవ్వాలని నా కోరిక. పెద్దలు, అధ్యాపకులు, సోదర విద్యార్థులు ఆలోచించగలరు.

— ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి