పట్టా తప్పు బొమ్మ రైలు



అమెరికా నుండి సెలవులకు వచ్చు బంధువులు పిల్లలకు కరెంటుతో నడిచే బొమ్మ రైలు తెచ్చుట ఇప్పుడు పల్లెలలో కూడ చూచుచున్నాము. మొదటి రెండు రోజులు ఇల్లంతా సందడే. తరువాత రైలు మలుపు దగ్గర పట్టా దిగి పడుట మొదలగును. పిల్లవాడు ఏడ్చును, తండ్రి ఇంజను విప్పును, విప్పినది మరల బిగియదు. మేమెరిగిన ఒక ఇంట అంత ఖరీదైన బొమ్మ రెండు సంవత్సరములు అటక మీదనే ఉండెను. ఇంజనులో ఏ లోపమును లేదు. ఒక్క అతుకులో పట్టా సరిగా కూర్చుండలేదు, అంతే.

రైలు ప్రతిసారి ఒకే చోట పడుచున్నదా? అయితే ఇంజను జోలికి పోక ఆ చోటనున్న అతుకు చూడండి. ఒకే పెట్టె ఎక్కడబడితే అక్కడ పడుచున్నప్పుడు మాత్రము దాని చక్రములను అనుమానింపవలెను.

ఈ సెట్లలో ఎక్కువగా కనబడునది హెచ్.ఓ. అను కొలత. అసలు రైలులో 87వ వంతు. రెండు పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లు. చక్రమును పట్టా మీద నిలిపే అంచు దాదాపు ఒక మిల్లీమీటరే. గనుక మన కంటికి ఆనని మెట్టు ఆ చక్రమునకు గోడవంటిది.

కరెంటు తీసివేసి, వేలిగోటిని పట్టా పైభాగమునను లోపలి అంచునను మెల్లగా నడిపించండి. గోరు ఆగిన చోటనే చక్రమును ఆగును. అక్కడ వంగి చూడండి. రెండు పట్టాలను కలుపు చిన్న రేకు ఉండును. పెద్ద రైలులో ఫిష్‌ప్లేటు చేయు పనియే ఇదియు చేయును. పట్టా అడుగు ఆ రేకులోనికి దూరక పైకెక్కి కూర్చుండుటయే తరచుగా జరుగు తప్పు. విడదీసి, రెండు ముక్కలను నేల మీద సమముగా ఉంచి, తిన్నగా లోనికి నెట్టవలెను. పిల్లలు మెలిపెట్టి లాగుదురు, అందువలననే రేకు వదులగును. దానిని పటకారుతో కొంచెము నొక్కిన చాలును. కరెంటు కూడ ఆ రేకు గుండానే పోవును గనుక, వదులైన చోట ఇంజను కుంటుచు నడచును.

ఒక హెచ్చరిక. అమెరికాలో ఇండ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. తెచ్చిన అడాప్టరు మీద 100–240 అని అచ్చువేసి లేనియెడల నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు, కాలిపోవును. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు ద్వారానే పెట్టవలెను.

పట్టాలను ప్లైవుడ్ పలక మీద బిగించువారు మేకును గట్టిగా కొట్టరాదు. స్లీపరు నడుమ లోనికి వంగి పట్టాలు దగ్గరకు వచ్చును. పట్టాను కోసినయెడల కోసిన కొనను ఆకురాయితో పైన, ప్రక్కన, అడుగున కూడ నునుపు చేయవలెను. అడుగున గరుకు మిగిలిన రేకులో దూరదు. వర్షాకాలములో చెక్క ఉబ్బును, ఎండలలో కుదించుకొనును. గనుక తిన్నని దారిలో అతుకుల నడుమ పోస్టుకార్డు మందము సందు విడుచుట మేలు. పెద్ద రైలుకును ఇట్టి సందు ఉండెడిది. 13 మీటర్ల పట్టాలు అతికిన దారిలో వినబడిన టకటక శబ్దము ఆ అతుకులదే. ఇప్పుడు పట్టాలను పొడవుగా వెల్డింగు చేయుచున్నారు గనుక అది తగ్గినది.

అన్నియు సరిచేసిన తరువాత అన్నిటికంటె పొడవైన పెట్టెను చేతితో, వెనుకకు, మెల్లగా నెట్టి చూడండి. ముందుకు పోవునప్పుడు దాగిన లోపము వెనుకకు నెట్టునప్పుడు బయటపడును. పెట్టె ఎగిరిన ప్రతి చోట పిల్లవానిచేతనే సుద్దతో గుర్తు పెట్టించండి.