బిరుదులు తీసెయ్యండి, నిజం ఉంచండి

మన తెలుగువాళ్ళకు ఒకరిని మెచ్చుకోవాలనిపిస్తే మాటలకు కరువుండదు. అందులో పాట పాడే మనిషయితే ఇక చెప్పనే అక్కర్లేదు. గానకోకిల, సంగీత సరస్వతి, నాదమయూరి... సన్మాన పత్రం నిండా ఇవే. ఆవిడ ఏ ఏట పుట్టింది, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎక్కడెక్కడ పాడింది అని వెతకండి, ఒక్క ముక్క దొరకదు. శాలువాతో మనిషిని మొత్తంగా కప్పేస్తాం!

ఈ సంగతి నాకు మా కోడలి పుణ్యమా అని బోధపడింది. ఇంటర్నెట్‌లో వికీపీడియా అని ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అది తెలుగులో 2003 నుంచీ ఉంది. అందులో రాసేవాళ్ళకు జీతమూ లేదు, శాలువా అంతకన్నా లేదు. మా అమ్మాయి రాత్రి వంటిల్లు సర్దేసి, ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి బెంగుళూరు నాగరత్నమ్మగారి వ్యాసం దిద్దుతూ కూచుంటుంది. పొగడ్త కనిపిస్తే కొట్టేస్తారు. ఏ మాట రాసినా ఏ పుస్తకంలో ఉందో చూపాలి. చూపకపోతే పక్కన “ఆధారం చూపాలి” అని చీటీ అంటిస్తారు. మా రాజుపాలెం అమ్మలక్కల్లో కూడా ఇలాంటి చీటీలు పంచితే బాగుండుననిపించింది నాకు!

ఇంతవరకూ బాగానే ఉంది. మొన్న పక్కింటావిడ ఆ వ్యాసం చూసి, “అక్కా, ఆ దేవదాసి అన్న మాట తీసెయ్యమను. త్యాగరాజస్వామికి సమాధి మందిరం కట్టించిన పుణ్యాత్మురాలు. ఆ మాట ఎందుకు, మర్యాదగా ఉండదు” అంది. కూచున్న నలుగురూ ఔనంటే ఔనన్నారు. నా పేచీ అంతా ఇదిగో, ఇక్కడే.

నాగరత్నమ్మగారు 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. ఆ తల్లి పట్టుదలతోనే చదువూ సంగీతమూ అబ్బాయి. మద్రాసు చేరి కచేరీలు చేసి గడించింది. తిరువయ్యూరులో త్యాగయ్యగారి సమాధి పాడుబడి ఉందని తెలిసి, ఆ స్థలం సంపాదించి, నగలమ్మి మందిరం కట్టించింది. 1925లో కుంభాభిషేకం జరిగింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ పక్కన కాపురాలు చేస్తున్న మనకు, ఆడది నగ అమ్మడమంటే ఏమిటో ఒకరు చెప్పాలా? అంతా చేసినా, ఆరాధనలో ఆడవాళ్ళు పాడరాదన్నారు. ఆవిడ ఏడుస్తూ ఇంటికి రాలేదు. ఆడవాళ్ళను కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. తన పుట్టుకను ఏనాడూ దాచుకోలేదు. మద్రాసు దేవదాసీల సంఘం ముందు నిలబడి ప్రభుత్వానికి విన్నపాలు పంపిన మనిషి! ఆవిడకు లేని సిగ్గు మనకెందుకమ్మా?

అసలు విశేషం ఇంకొకటుంది. ముద్దుపళని అని, తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె ‘రాధికా సాంత్వనము’ అంతకుముందే అచ్చయింది. అయితే కొన్ని పద్యాలు లేవు. ఆమె తన అమ్మ, అమ్మమ్మ ఎవరో చెప్పుకున్న అవతారిక కూడా లేదు. వీరేశలింగం పంతులుగారంతటివారు ఆ కావ్యాన్ని తిట్టిపోశారు. నాగరత్నమ్మగారు రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, పోయిన పద్యాలన్నీ మళ్ళీ చేర్చి 1910లో వావిళ్ళవారిచేత అచ్చు వేయించింది. శృంగారం మగకవి రాస్తే లేని తప్పు ఆడది రాస్తే వచ్చిందా అని పీఠికలో నిలదీసింది. దానికి ఫలితం నిషేధం! ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన 1946-47 రోజుల్లో గాని అది తొలగలేదు.

ఇప్పుడు చెప్పండి. మర్యాద పేరుతో ముద్దుపళని పద్యాలను కత్తిరించినవాళ్ళకూ, నాగరత్నమ్మ వ్యాసంలో ఆ ఒక్క మాట కొట్టెయ్యమనే మనకూ తేడా ఏముంది? ఆ మాట తీసేస్తే, ఆవిడ దేనిమీద గెలిచిందో తెలియకుండా పోతుంది. చివరికి ఎవరో డబ్బున్న భక్తురాలు గుడి కట్టించిందని మిగులుతుంది. మర్యాద పోయేది ఆవిడకు కాదు, ఆవిడను చిన్నచూపు చూసినవాళ్ళకు.

“ఎవరు పడితే వాళ్ళు రాసేదాన్ని నమ్మేదెట్లా?” అని మా ఇంట్లో మగవాళ్ళ ఎత్తిపొడుపు. నమ్మొద్దు, ఆధారం చూసుకోండి. అచ్చు పుస్తకంలో ఒక పద్యం ఎగిరిపోతే జాడ కూడా ఉండదు. వికీపీడియాలో మాత్రం “చరిత్ర” అన్నచోట నొక్కితే ఏ మాట ఎప్పుడు చేరిందో, ఎప్పుడు పోయిందో అంతా బయటపడుతుంది. మన కడపలో బ్రౌన్ దొర పండితులను కూచోబెట్టి, తాళపత్రాలు పక్కపక్కన పెట్టి పాఠాలు సరిచూయించాడని గొప్పగా చెప్పుకుంటాం. పండితులకు ఆయన జీతాలిచ్చాడు. ఈ పిల్లలు ఉత్తపుణ్యానికే చేస్తున్నారు. ఆ మాత్రం గౌరవం వీళ్ళకూ ఇవ్వొద్దూ?

కాబట్టి అమ్మలారా, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పాత వారపత్రికలు, కచేరీ కరపత్రాలు, సంగీత సభల సంచికలు కిలోల లెక్కన పాతకాగితాలవాడికి వెయ్యకండి. మన ఊళ్ళల్లో పాడిన ఆడవాళ్ళ సంవత్సరాలూ గురువుల పేర్లూ వాటిల్లోనే ఉన్నాయి. మనకు జ్ఞాపకమున్నదంటే చాలదట, అచ్చులో చూపాలట. చూపిద్దాం. ఆ పిల్లలు గానకోకిల అన్న మాట కొట్టేస్తే నొచ్చుకోకండి. కోకిలలు చెట్టుకొకటి ఉంటాయి. నాగరత్నమ్మ ఒక్కతే.