హార్డుగా పనిచేశానంటే హార్డ్లీ అయిపోయింది

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అప్రైజల్ ఫారంలో "ఐ హావ్ వర్క్డ్ వెరీ హార్డ్లీ" అని రాశాను. రాత్రీ పగలూ కష్టపడ్డానని నా ఉద్దేశం. పని చేసీ చేయనట్టు చేశానని ఇంగ్లీషులో దానర్థం! ఆ వాక్యం వారం రోజులు క్యాంటీన్లో తిరిగింది. నవ్వినవాళ్ళలో నాలాంటి తెలుగు మీడియం వాళ్ళూ ఉన్నారు లెండి, అది వేరే బాధ.

సరే, తప్పు నాదే. కానీ ఎక్కణ్ణుంచి వచ్చిందీ తప్పు? "అడ్జెక్టివ్‌కి ఎల్వై కలిపితే అడ్వెర్బ్" అని బళ్ళో బట్టీ పట్టిన సూత్రం నుంచి. మన బుర్రలో ఎల్వై అంటే "గా". నెమ్మదిగా, అందంగా, లోతుగా... మన "గా" దాదాపు ఎక్కడా మోసం చేయదు. ఇంగ్లీషు మాటల్నీ వదలం: ఫాస్టుగా, సీరియస్‌గా.

ఎల్వై అంత నమ్మకస్తురాలు కాదు. పాత ఇంగ్లీషులో చాలా క్రియావిశేషణాలకి చివర్లో ఒక "ఈ" అక్షరం ఉండేది. అది కాలక్రమంలో రాలిపోయేసరికి హార్డ్, ఫాస్ట్, డీప్ లాంటివి రెండు పనులకీ ఒకే రూపంతో మిగిలాయి. మా గరికపాడు దగ్గర హైవే మీద "గో స్లో" బోర్డు చూసి, స్లోలీ అనాలి కదా అని చిన్నప్పుడు నాన్నతో వాదించాను. బోర్డులో తప్పేం లేదు!

అసలు చిక్కు ఎక్కడంటే, కొన్నిటికి ఎల్వై తగిలిస్తే అర్థమే మారుతుంది. గాలిపటం హై ఎగురుతుంది, హైలీ ఎగరదు. బస్సు లేట్ వస్తుంది, లేట్లీ అంటే ఈమధ్య. నాగలి డీప్ దిగుతుంది, డీప్లీ ఎక్కువగా బాధలకీ కృతజ్ఞతలకీ.

నామవాచకాల సంగతి ఇంకా సరదా. మనకి లోతు మొదలు. ఐన చేరిస్తే లోతైన, గా చేరిస్తే లోతుగా. ఇంగ్లీషులో తలకిందులు, డీప్ మొదలు, డెప్త్ దాన్నుంచి పుట్టింది. మరి లాంగ్ లెంగ్త్ ఎందుకైంది? పూర్వం ఆ ప్రత్యయంలో ఉన్న ఇకారం ముందున్న అచ్చుని మార్చేసి తను మాయమైంది. మన పులి బహువచనంలో పులులు అయినప్పుడు "లి" కాస్తా "లు" అవుతుంది చూశారూ, అలాంటిదే. అన్నీ ఇలాగే అనుకునేరు, బ్యూటీకి మాత్రం మన అందంలాగే నామవాచకమే మొదలు. ఇవేవీ చెప్పకపోతే పిల్లలు బ్యూటిఫుల్‌నెస్ అని రాయక ఏం చేస్తారు?

ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెడుతూ 2019లో జీవో వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. ఏ మీడియమైనా సరే, లోతు, లోతైన, లోతుగా అని బోర్డు మీద రాసి, పక్కన డెప్త్, డీప్ రాసి, మూడో గడిలో ఏం రాయాలో పిల్లల్ని అడిగితే చాలు. తెలుగు తెలిసుండటం అడ్డం కాదు, అదే ఆసరా. నాకెవరూ అలా చెప్పలేదనే నా ఏడుపు.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా మేనల్లుడికి ఇదంతా చెప్పాను. ఫ్రెండ్‌కి ఎల్వై చేరిస్తే అడ్వెర్బ్ కాదు, అడ్జెక్టివ్ అవుతుందన్నాను. దానికి మళ్ళీ అడ్వెర్బ్ కావాలంటే "ఇన్ ఎ ఫ్రెండ్లీ వే" అని నాలుగు మాటలు వాడాలిరా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఫ్రెండ్లీగా అంటే సరిపోతుందిగా మావయ్యా" అన్నాడు.